అడ్వైజ్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నేర్పే పని నాది. డిగ్రీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, ఎగుమతి కంపెనీల సిబ్బంది వస్తుంటారు. అందరికీ తెలిసిన మాటే అనిపిస్తూ, ఎక్కువ మందిని తికమక పెట్టేది ‘అడ్వైజ్’.

అపోహ: అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, అంతే.

వాస్తవం: ‘తెలియజేయడం’ అనే అర్థం కూడా దానికుంది. వాణిజ్య ఉత్తరాల్లో ఆ అర్థం బలంగా పాతుకుపోయింది. దీన్ని పట్టించుకోకపోతే డబ్బే పోవచ్చు. గుంటూరు మిర్చో, భీమవరం రొయ్యలో విదేశానికి పంపేటప్పుడు చాలాసార్లు కొనుగోలుదారు బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరుస్తుంది, అంటే షరతుల ప్రకారం పత్రాలు అందితే సొమ్ము చెల్లిస్తానని హామీ పత్రం ఇస్తుంది. అది ఇక్కడి ‘అడ్వైజింగ్ బ్యాంక్’ ద్వారా మన ఎగుమతిదారుకు చేరుతుంది. ఆ పేరు చూసి, మన బ్యాంకే సలహాదారుగా నిలబడింది కాబట్టి సొమ్ముకు పూచీ కూడా దానిదే అనుకునేవాళ్లున్నారు. కాదు. ఆ పత్రం అసలుదిగా కనిపిస్తోందో లేదో చూసుకుని, ఫలానా లెటర్ వచ్చిందని తెలియజేయడం వరకే దాని పని. 2007 జూలై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళి ప్రకారం, కేవలం అడ్వైజ్ చేసిన బ్యాంకుకు చెల్లింపు బాధ్యత ఉండదు. లెటర్ తెరిచిన బ్యాంకుతో పాటు ఆ బాధ్యత తలకెత్తుకునేది దాన్ని ‘కన్ఫర్మ్’ చేసిన బ్యాంకు. సరుకు ఓడెక్కించే ముందు ఈ రెండు క్రియల్లో ఏది రాసి ఉందో చూసుకోండి.

అపోహ: మాట పుట్టిందే సలహా అనే అర్థంతో.

వాస్తవం: పుట్టింది చూపులోంచి. లాటిన్‌లో ‘విడెరే’ అంటే చూడటం. దాన్నుంచి పాత ఫ్రెంచిలో ‘నాకిలా కనిపిస్తోంది’ అనే నుడికారం, అందులోంచి అభిప్రాయం అనే అర్థంలో ‘అవీ’, ఆపైన క్రియ వచ్చాయి. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఆ క్రియకు పరికించి చూడటం, ఆలోచించడం అనే అర్థాలుండేవి. ఎదుటివాళ్లకు సలహా చెప్పడం తర్వాత చేరింది. విజన్, వీసా, వీడియో, రివైజ్ అన్నీ ఆ చూపు కుటుంబమే. మన భాషలోనూ ఇదే దారి ఉంది. లోచనం అంటే కన్ను. ‘ఆలోచన’ అదే ధాతువు బిడ్డ. పల్లెల్లో పెద్దలు ‘మంచి ఆలోచన చెప్పాడు’ అంటే సలహా ఇచ్చాడనే. రెండు భాషలూ ఎవరి దారిన అవి చూపు నుంచి సలహా దాకా నడిచాయి. పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

ఆ పాత అర్థం ‘అడ్వైజెడ్లీ’లో ఇంకా బతికే ఉంది. ఒకరి సలహా మీద అని కాదు, బాగా ఆలోచించి, కావాలనే అని దాని భావం.

అపోహ: స్పెల్లింగులో ‘డి’ మొదటి నుంచీ ఉంది.

వాస్తవం: 14వ శతాబ్దంలో ఇంగ్లీషు కవి చాసర్ ‘డి’ లేకుండానే రాశాడు. లాటిన్ మీద గౌరవంతో రాయసగాళ్లు తర్వాత చేర్చారు. అడ్వెంచర్‌కూ అంతే, ఫ్రెంచివాళ్లు నేటికీ దాన్ని ‘డి’ లేకుండానే రాస్తారు.

అపోహ: ‘ఎస్’తో రాస్తే అమెరికా పద్ధతి, ‘సి’తో రాస్తే బ్రిటన్ పద్ధతి.

వాస్తవం: డిఫెన్స్ అనే మాటను అమెరికాలో ‘ఎస్’తో, బ్రిటన్‌లో ‘సి’తో రాస్తారు. అలాంటి గొడవను దీనికీ అంటగట్టడం వల్ల వచ్చిన చిక్కిది. రెండు దేశాల్లోనూ క్రియకు ‘ఎస్’, నామవాచకానికి ‘సి’. పలుకూ వేరే: క్రియ చివర గొంతు కంపించాలి, నామవాచకం చివర ‘స్’ అని వదిలేయాలి. తెలుగులో ‘రెండు సలహాలు’ అంటాం గనక ‘టూ అడ్వైసెస్’ అని నోటికి వచ్చేస్తుంది. మామూలు ఇంగ్లీషులో సలహాను లెక్కపెట్టరు. ‘సమ్ అడ్వైస్’ అంటే చాలు.

ఇక అడ్వైజర్ అనే మాట చివర ‘ఇ ఆర్’ రాయాలా, ‘ఓ ఆర్’ రాయాలా? రెండూ ఒప్పే. ఒకే ఉత్తరంలో మాత్రం రెండూ కలపకండి.