పాత వర్క్‌స్టేషన్‌లో ఓఎస్ ఎక్కట్లేదా? అపోహలు – వాస్తవాలు

ఆఫీసులు తీసేసిన జియాన్ (ఇంటెల్ సర్వర్ తరహా ప్రాసెసర్) వర్క్‌స్టేషన్లను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు మొదటి తలనొప్పి ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసేటప్పుడే ఎదురవుతుంది. మధ్యలో ఆగిపోగానే మళ్లీ మొదటినుంచి వేయకండి. ఎంత శాతం దగ్గర ఆగిందో, ఎర్రర్ అంకెలేమిటో ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రెండోసారి కూడా అక్కడే ఆగిందా, ఇంకోచోట ఆగిందా అన్నదాన్ని బట్టే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

అపోహ: సగంలో ఆగిందంటే హార్డ్‌డిస్క్ పోయినట్టే.

వాస్తవం: ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే మొదట అనుమానించాల్సింది ర్యామ్‌ని. ఇన్‌స్టాలర్ పెద్ద కంప్రెస్డ్ ఫైల్‌ని ర్యామ్‌లోకి తెచ్చుకుని విప్పుతుంది. ఒక్క బిట్ తారుమారైనా చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) కలవదు. అప్పుడు విండోస్ 80070570 ఎర్రర్ చూపించి ఫైలు పాడైందంటుంది, నిజానికి ఫైలు బాగానే ఉండొచ్చు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామ్‌తో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదలొద్దు. స్టిక్‌లు ఒక్కొక్కటే పెట్టి, స్లాట్ మార్చి మళ్లీ పరీక్షించండి, తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలుతుంది. కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అలవాటే కానీ, దానివల్ల బంగారు పూత అరుగుతుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ చాలు.

ప్రతిసారీ ఒకేచోట ఆగుతుంటే మాత్రం పెన్‌డ్రైవ్‌నో, డిస్క్‌నో చూడాలి. ఐఎస్‌ఓ ఫైల్ (పెన్‌డ్రైవ్ మీద రాసే ఇన్‌స్టాలర్ ఫైల్) ఎస్‌హెచ్‌ఏ256 విలువను, అంటే ఫైలు వేలిముద్ర లాంటి కోడ్‌ని, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చండి. కలిస్తే, వేరే పెన్‌డ్రైవ్ మీద రాసి వెనకవైపు యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి.

డిస్క్ సంగతి స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చెబుతుంది. అందులో 05 (పాడై మార్చేసిన భాగాలు), సీ5 (అనుమానంలో ఉన్న భాగాలు) వరుసల రా (raw) విలువలు పెరుగుతుంటే డిస్క్‌ని నమ్మొద్దు. పెరిగేది సీ7 (డేటా బదిలీలో తప్పులు) ఒక్కటే అయితే ముందు సాటా కేబుల్ మార్చండి, డిస్క్ మంచిదే కావచ్చు. సీ7 లెక్క మళ్లీ సున్నాకి రాదు, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. ఈ ఒక్క సంగతి తెలియక మంచి డిస్కులు చెత్తలో పడుతున్నాయి.

అపోహ: బోర్డు మీది బ్యాటరీ గడియారం కోసమే.

వాస్తవం: ఆ సీఆర్2032 అయిపోతే చాలా పాత బోర్డుల్లో బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగ్‌లూ పోతాయి. సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మారితే ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనిపించకపోవచ్చు. తేదీ కూడా వెనక్కి పోయి, ప్యాకేజీలు దించుకునేటప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్లొస్తాయి. కొత్త బ్యాటరీ 3 వోల్టుల పైన చూపిస్తుంది. మల్టీమీటర్‌లో 2.7కి దిగితే మార్చేయండి. మోడ్ మార్చేముందు పాతది రాసి పెట్టుకోండి, లేకపోతే డిస్క్‌లో ఉన్న విండోస్ బూట్ కాకుండా పోవచ్చు.

అపోహ: అడాప్టర్ కార్డుతో ఎన్‌వీఎంఈ (కొత్త తరహా వేగమైన ఎస్‌ఎస్‌డీ) పెడితే దానిమీదే ఓఎస్ వేసుకోవచ్చు.

వాస్తవం: 2010 నాటి బయోస్‌లకు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చేయడం తెలియదు. డేటాకి వాడుకోండి, ఓఎస్‌కి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి.

అపోహ: తనిఖీలను బైపాస్ చేస్తే విండోస్ 11 ఏ మెషీన్‌లోనైనా ఎక్కుతుంది.

వాస్తవం: టీపీఎం (సెక్యూరిటీ చిప్) తనిఖీని దాటించవచ్చు. కానీ 24హెచ్2 వెర్షన్‌కి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ4.2 ఇన్‌స్ట్రక్షన్లు ఉండాల్సిందే. కోర్ 2 తరం ప్రాసెసర్లలో ఇవి రెండూ పూర్తిగా లేవు, కాబట్టి ఏ బైపాసూ పనిచేయదు.

అపోహ: లినక్స్ పెడితే స్క్రీన్ నల్లగా అయిపోయింది, అంటే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది.

వాస్తవం: బయోస్ స్క్రీన్ కనిపిస్తోందంటే కార్డు పూర్తిగా కాలిపోలేదన్నమాట. పాత క్వాడ్రో (ఎన్‌విడియా) కార్డులతో డ్రైవర్ దగ్గర తరచూ ఇలా అవుతుంది. గ్రబ్ (లినక్స్ బూట్) మెనూలో 'e' నొక్కి, 'linux' అని మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి 'nomodeset' అని టైప్ చేసి ఎఫ్10 కొట్టండి. ఇది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి బూట్‌లోనూ మళ్లీ పెట్టి, కార్డుకి సరిపోయే డ్రైవర్ వేసుకోండి.