కుక్కకు నెలసరి ఉండదు, మెనోపాజ్ అంతకన్నా ఉండదు: ఎద, చూలు, పుట్టుక లోపాలపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కుక్కనో పిల్లినో పెంచేవాళ్లు దాన్ని ఇంట్లో మనిషిలాగే చూసుకుంటారు. మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, ఇంట్లో ఆడవాళ్ల విషయంలో తమకు తెలిసిన లెక్కలన్నీ తెచ్చి దానికీ కట్టేస్తారు. నెలసరి, కాన్పు, బాలింత పథ్యం, చివరికి వావివరసలు కూడా. పశువైద్యుడిగా నేను రోజూ వినే అపోహల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే.

అపోహ: రక్తం ఆగింది, ఇక గేటు తీయొచ్చు

ఆడవాళ్లలో అండం విడుదలై, గర్భం నిలవకపోతే నెలసరి వస్తుంది. కుక్కలో వరుస తిరగబడి ఉంటుంది. ముందు రక్తం, తర్వాత అండాలు. సుమారు 9 రోజులు ఎర్రగా పడుతుంది. ఆ తర్వాత రంగు తగ్గి లేత గులాబీకో పసుపుకో తిరుగుతుంది. మగకుక్కను దగ్గరికి రానిచ్చేది సరిగ్గా అప్పుడే. "నిన్నటితో అయిపోయింది డాక్టర్ గారూ, అందుకే పార్కుకు తీసుకెళ్లాం" అంటారు. నిజానికి కాపలా అవసరం నిన్నటి నుంచే మొదలైంది. ఎద (హీట్) మొదలైన రోజు నుంచి కనీసం మూడు వారాలు బెల్టు వదలకండి, మేడమీద కూడా ఒంటరిగా వదలకండి.

క్రాసింగ్ కావాలనుకునేవాళ్లు కూడా రోజులు లెక్కపెట్టి మోసపోతారు. కొన్నిటికి ఆరో రోజుకే, కొన్నిటికి ఇరవయ్యో రోజు దాటాక కూడా సమయం వస్తుంది. రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పరీక్ష చేయిస్తే సరైన రోజు తెలుస్తుంది.

అపోహ: వయసు మళ్లింది కాబట్టి గర్భసంచి గొడవ ఉండదు

కుక్కకు మెనోపాజ్ లేదు. వయసు పెరిగే కొద్దీ ఎదకీ ఎదకీ మధ్య ఎడం పెరగొచ్చు, అంతే. చూలు కట్టినా కట్టకపోయినా ప్రతి ఎద తర్వాత దాదాపు రెండు నెలలు ప్రొజెస్టెరాన్ ఎక్కువగానే ఉంటుంది. ఆ ప్రభావంతో గర్భసంచి లోపలి పొర ఏటికేడు మందమవుతుంది. అందులో బ్యాక్టీరియా చేరితే చీము పడుతుంది. దాన్నే పయోమెట్రా అంటాం. సాధారణంగా ఎద ముగిసిన ఒకటి రెండు నెలల్లో బయటపడుతుంది.

మే నెలలో ఇది మరీ మోసం చేస్తుంది. ఏడెనిమిదేళ్ల ల్యాబ్రడార్ గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ, పక్కమీదే మూత్రం పోస్తూ, తిండి ముట్టకుండా ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పోస్తారు. గర్భసంచి మూతి తెరిచి ఉంటే చీము కారుతుంది కాబట్టి కనీసం అనుమానం వస్తుంది. మూసుకుపోయి ఉంటే బయటికి చుక్క కూడా కనిపించదు. పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అది తెల్లారేదాకా ఆగే కేసు కాదు. ఆడకుక్క ఏ జబ్బుతో వచ్చినా నేను మొదట అడిగేది "ఆఖరిసారి హీట్‌కి ఎప్పుడొచ్చింది?" అనే. ఆ తేదీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఎద రాకుండా ఆపే హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించేవాళ్లకు ఒక మాట. ఆ మందు చేసేదీ ప్రొజెస్టెరాన్ పనే. చీముకు, రొమ్ము గడ్డలకు దారి తీస్తుంది. ఆపరేషన్ ఖర్చు తప్పిందనుకుంటే అది వడ్డీతో సహా తిరిగొస్తుంది.

అపోహ: ఒక్క ఈత ఈనితేనే ఆరోగ్యం

ఒక ఈతతో ఒంటికి ఒరిగే మేలేమీ లేదు. మాతృత్వం తీరలేదన్న దిగులు మనకే గానీ కుక్కకు లేదు. మొదటి రెండు ఎదలలోపు గర్భసంచి, అండాశయాలు తీసేసిన వాటిలో రొమ్ము గడ్డలు చాలా తక్కువ. పిల్లుల్లో రొమ్ము గడ్డ వస్తే ఎక్కువ భాగం క్యాన్సరే. కాకపోతే ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు మరీ చిన్నప్పుడే చేస్తే కీళ్ల సమస్యలు పెరగొచ్చు. అందరికీ ఒకే వయసు చెప్పే డాక్టర్‌ని నేనైతే రెండు ప్రశ్నలు అదనంగా అడుగుతాను.

అపోహ: చూలుతో ఉంది, కాల్షియం సిరప్ పోయాలి

ఇది ప్రేమతో చేసే పని, అందుకే మాన్పించడం కష్టం. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఎముకల్లోంచి తీసి నింపే పని పారాథైరాయిడ్ గ్రంథులది. చూలులో రోజూ సిరప్ పోస్తే వాటికి పని ఉండదు. ఈనాక పాలు దిగి కాల్షియం ఒక్కసారిగా ఖర్చవుతుంటే అవి వెంటనే అందుకోలేవు. ఇలా కాల్షియం పడిపోవడం పామేరియన్, షిట్జూ లాంటి చిన్న జాతుల్లో, ఈనిన రెండు మూడు వారాలకు ఎక్కువగా చూస్తాం. మొదట ఊరికే రొప్పుతుంది, పిల్లల దగ్గర కుదురుగా పడుకోదు. తర్వాత కాళ్లు కొయ్యబారుతాయి, ఒళ్లంతా వణుకు, తీవ్రమైన జ్వరం, ఫిట్స్. అప్పుడు నరంలోకి కాల్షియం ఎక్కించాలి, అదీ గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా. ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

చూలు చివరి మూడో భాగంలో, పాలిచ్చేటప్పుడు మంచి పప్పీ ఫుడ్ పెడితే చాలు. అదే సిరప్‌ను పెద్ద జాతి పప్పీలకు పోయడం ఇంకో తలనొప్పి. ఆ వయసులో పేగులు అదనపు కాల్షియంను వద్దనలేవు, ఎముకలు వంకర పెరుగుతాయి. అలాగని చికెన్, అన్నం మాత్రమే తినే పప్పీకి కాల్షియం నిజంగానే చాలదు. ముందు గిన్నెలో ఏముందో చెప్పండి, సీసా సంగతి తర్వాత.

అపోహ: పిల్లి కడుపునొప్పితో దొర్లుతోంది

నేలమీద దొర్లడం, రాత్రంతా అరవడం, నడుము దగ్గర చెయ్యి పెడితే వెనక భాగం పైకెత్తి తోక పక్కకు తిప్పడం. అది నొప్పి కాదు, ఎద. పిల్లికి రక్తం కనిపించదు. కలయిక జరిగితేనే సాధారణంగా అండాలు విడుదలవుతాయి. లేకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ ఇదే పాట. రోజులో వెలుగు ఎక్కువసేపు ఉంటే ఎదలు ఆగవు. రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్లు వెలిగే ఫ్లాట్‌లో ఏడాదంతా సీజనే.

"వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లండీ" అని ధీమాగా ఉండొద్దు. పిల్లులకు వావివరసలు లేవు. నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలవు.

అపోహ: రెండో వృషణం పెద్దయ్యాక దిగుతుంది

పప్పీకి రెండు నెలలకల్లా రెండూ దిగాలి. ఆరు నెలలు దాటితే ఇక ఆశ వదులుకోవచ్చు, ఇంజెక్షన్లతో దింపుతామనే మాట నమ్మొద్దు. పొట్టలో వేడికి ఉండిపోయిన వృషణంలో గడ్డలు వచ్చే ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ. రెండూ తీయించాలి. ఒక్కటి ఉన్నా పిల్లల్ని పుట్టించగలదు, చిక్కే అది. లోపం వంశంలో పాకుతుంది కాబట్టి ఎంత సర్టిఫికెట్ ఉన్నా క్రాసింగ్‌కు ఇవ్వకండి.

మగపిల్లికి రెండూ కనిపించకపోతే మాకొక గుర్తుంది. అంగం మీద చిన్న చిన్న ముళ్లుంటాయి. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ లేకపోతే అవి అణిగిపోతాయి. ముళ్లు ఉన్నాయంటే లోపలెక్కడో వృషణం ఉన్నట్టే.

అపోహ: గ్రహణం వల్ల మొర్రి, దిష్టి వల్ల తూలుడు

పాలు తాగుతుంటే ముక్కులోంచి కారుతున్నాయంటే అంగిలి చీలి ఉందేమో నోరు తెరిచి చూడండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఎక్కువ. వంశపారంపర్యం ఒక కారణం, చూలులో వాడిన కొన్ని మందులు మరో కారణం. తామరకు వాడే గ్రిసియోఫల్విన్, మోతాదు మించిన విటమిన్ ఎ అలాంటివే. గ్రహణానికి సంబంధం లేదు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ట్యూబ్‌తో పెంచగలిగితే మూడు నాలుగు నెలలకు ఆపరేషన్ చేయొచ్చు.

తల వణుకుతూ, తూలుతూ నడిచే పిల్లికూనల్లో చాలావాటికి కడుపులో ఉండగానే పాన్‌ల్యూకోపీనియా వైరస్ సోకి చిన్నమెదడు ఎదగదు. అది ముదిరే జబ్బు కాదు. చూలు పిల్లికి లైవ్ టీకా (బలహీనపరిచిన వైరస్‌తో చేసేది) వేస్తే కూడా ఇదే జరగొచ్చు కాబట్టి టీకాలు ముందే వేయించాలి.

మూడు రంగుల మగపిల్లి అదృష్టమని వేలకు వేలు పెట్టి కొనేవాళ్లున్నారు. నారింజ, నలుపు రంగుల తేడా ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. రెండూ కనిపించాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. అలాంటి మగదానికి తరచూ 38 బదులు 39 క్రోమోజోములు ఉంటాయి. దాదాపు అన్నీ గొడ్డువే. బ్రీడింగ్ కోసం కొంటే డబ్బు పోయినట్టే.

అపోహ: వీధికుక్కతో కలిసింది, ఇక జాతి పిల్లలు పుట్టవు

ఒక ఈత ప్రభావం తర్వాతి ఈతమీద ఉండదు. అయితే ఒకే ఈతలో వేర్వేరు తండ్రుల పిల్లలు పుట్టవచ్చు. ఆ ఎదలోనే మళ్లీ "మంచి మగకుక్క"తో కలిపేస్తే సరిపోతుందనుకోకండి. అతుక్కున్నప్పుడు రాళ్లు, వేడినీళ్లు వద్దు, రెండిటికీ గాయాలవుతాయి. 5 నుంచి 30 నిమిషాల్లో వాటంతట అవే విడిపోతాయి. పిల్లలు వద్దనుకుంటే మెడికల్ షాపులో మాత్రలు అడక్కుండా, కలిసిన తేదీ రాసుకుని డాక్టర్ దగ్గరికి రండి. 25 రోజులు దాటాక స్కాన్‌లో చూలు తెలుస్తుంది.