ఎవరూ అడగకపోయినా గిటారు వాయించి ఎందుకు పెడతారు?

2005 డిసెంబరు 20న యూట్యూబ్‌లో ‘గిటార్’ అన్న ఒక్క ముక్క పేరుతో ఒక వీడియో కనిపించింది. అప్పటికి ఆ సైట్ మొదలై ఏడాది కూడా కాలేదు. ఒక మామూలు గది, కూర్చుని ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్న కుర్రాడు, అతని వెనక కిటికీలోంచి పడుతున్న వెలుతురు. నెత్తిమీది టోపీ ముఖాన్ని దాదాపు కప్పేసింది. ఐదు నిమిషాలకు పైగా వాయించాడు, ఒక్కసారీ ముఖం సరిగ్గా చూపించలేదు. వాయించింది పదిహేడో శతాబ్దపు జర్మన్ స్వరకర్త పాఖెల్బెల్ రాసిన ‘కానన్’కి తైవాన్ గిటారిస్టు జెర్రీ చాంగ్ చేసిన రాక్ రూపం. అసలు రచనలో ఎనిమిది స్వరాల మంద్ర వరుస ఒకటి 28 సార్లు తిరిగి తిరిగి వస్తుంది. దానిమీద ఎవరికి తోచినట్టు వాళ్లు అల్లుకుంటూ పోవచ్చు. గిటారు వాళ్లకు అదంటే అంత మోజు అందుకే కాబోలు.

ఆ వీడియోని కోట్ల సార్లు చూశారు. వాయించినవాడెవడో మాత్రం చాలామందికి తెలియలేదు. 2006 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆరా తీసి, అతను దక్షిణ కొరియాకు చెందిన లిమ్ జియాంగ్ హ్యున్ అనే విద్యార్థి అని రాసింది. అసలు అతను తన రికార్డింగు పెట్టింది యూట్యూబ్‌లో కాదు, కొరియా సంగీతకారులు వాడే ఒక సైట్‌లో. అక్కణ్ణుంచి వేరెవరో తెచ్చి యూట్యూబ్‌లో వేశారు. ఎందుకు పెట్టావని అడిగితే, తన వాయింపు మీద నలుగురి సలహాలు వినడానికి అన్నాడు. ముఖం ఎందుకు దాచావంటే, చూసేవాళ్ల దృష్టి తన వేళ్ల మీద, శబ్దం మీద ఉండాలన్నాడు. పైగా తానేమంత అందగాణ్ణి కాదని కూడా చెప్పుకున్నాడు.

ఔత్సాహికులు తమ వాయింపుని నెట్‌లో పెడితే బయటివాళ్లు ‘సొంత డబ్బా’ అనేస్తారు. ఆ సరదా బొత్తిగా లేదని నేను అనను. మెచ్చుకోలు ఎవరికి చేదు? కానీ లిమ్ జవాబుని ఉత్త వినయం కింద కొట్టిపారేయకూడదనిపిస్తుంది. గిటారు వాయిస్తున్న మనిషికి తన గిటారు సరిగ్గా వినబడదు. వినాలంటే రికార్డు చేయాలి. చేసినదాన్ని నిజంగా చెవి పెట్టి వినాలంటే, ఇంకెవరో వింటారన్న భయం కాస్త ఉండాలి.

వినబడకపోవడానికి మొదటి కారణం శబ్దం నడిచే దారి. అకూస్టిక్ గిటారు పెట్టె ముఖం, దాని మధ్యనున్న గుండ్రటి రంధ్రం ఎదుటివాళ్ల వైపు తిరిగి ఉంటాయి. వాయించేవాడి చెవులు ఆ పెట్టెకు పైన, కాస్త వెనక. మంద్ర స్వరాల తరంగాలు అన్ని వైపులకూ పాకుతాయి గనుక అవి అతనికి బాగానే అందుతాయి. తీగను మీటినప్పుడు వచ్చే ఖంగుమనే మెరుపు, అంటే ఎక్కువ పౌనఃపున్యం గల శబ్దం, ఎక్కువగా ముందుకే దూసుకుపోతుంది. ఈ లోటు తీర్చడానికే కొందరు తయారీదారులు గిటారు పక్క చెక్కకు, వాయించేవాడి వైపు, ఇంకో చిన్న రంధ్రం పెడుతున్నారు.

రెండో కారణం మెదడులో ఉంది. మన కండరాలకు ఆజ్ఞ వెళ్లేటప్పుడు దాని నకలు ఒకటి ఇంద్రియాల కేంద్రాలకూ వెళుతుంది, ‘ఇప్పుడు రాబోయే శబ్దం మనదే’ అన్న కబురులాగా. మీట నొక్కి మనమే పుట్టించుకున్న ‘బీప్’కి, అదే ‘బీప్’ దానంతట అది మోగినప్పటికంటే, మెదడులోని వినికిడి భాగం తక్కువగా స్పందిస్తుందని ప్రయోగాల్లో పదే పదే తేలింది. మనల్ని మనం చక్కిలిగిలి పెట్టుకోలేకపోవడం వెనక ఉన్నదీ ఇలాంటి ఏర్పాటే. కాబట్టి వాయించేవాడు వింటున్నది కొంతవరకు తీగ పలికినది, కొంతవరకు తాను పలికించాలనుకున్నది. ఈ రెండింటికీ తేడా ఎంతో అతనికి ఆ క్షణంలో తెలియదు. ధ్యాసలో ముప్పాతిక భాగం తర్వాతి కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) ఎక్కడుందన్న వెతుకులాటకే పోతుంది కదా.

మొదటిసారి రికార్డింగు విన్నవాళ్లు తరచుగా ఉలిక్కిపడేది ‘కీచు’ దగ్గర. స్టీలు తీగల అకూస్టిక్ గిటారులో ఆరు తీగల్లో నాలుగింటికి పైన సన్నటి లోహపు తీగ చుట్టి ఉంటుంది. కార్డ్ మార్చేటప్పుడు వేలిని పూర్తిగా పైకి ఎత్తకుండా జారిస్తే, వేలి చర్మం ఆ చుట్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి గీరుకుంటూ పోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య అర మిల్లీమీటరు దూరం ఉందనుకుందాం. వేలు సెకనుకు ఒక మీటరు వేగంతో జారితే సెకనుకు 2,000 కుదుపులు. అంటే 2,000 హెర్ట్జ్ శబ్దం. మన చెవికి చురుకుదనం ఎక్కువగా ఉండేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలో. అంటే ఆ కీచు వచ్చి పడేది సరిగ్గా చెవి ఎక్కువగా పట్టించుకునే చోట. వాయిస్తున్నప్పుడు అసలు ఉందనే తెలియని ఆ శబ్దం, గిటారు ఎదురుగా అడుగు దూరంలో పెట్టిన ఫోన్‌లో ప్రతి కార్డ్ మార్పుకీ తగులుతుంది. నెలల తరబడి అది అలాగే ఉంది, ఇంట్లోవాళ్లందరూ విన్నారు, ఒక్క వాయించేవాడు తప్ప.

లయ సంగతీ ఇంతే. లయ తప్పకుండా టిక్కుమంటూ కొట్టే మెట్రోనోమ్ యంత్రం టిక్కుతో పాటు వేలితో తట్టమంటే మనుషులు సాధారణంగా టిక్కు కంటే సెకనులో నూరో వంతులు కొన్ని ముందే తడతారు. తాము సరిగ్గా టిక్కు మీదే తట్టామని నమ్ముతారు కూడా. సంగీతం నేర్చినవాళ్లలో ఈ తొందర తక్కువ, కానీ పూర్తిగా పోదు. వాయిస్తున్నప్పుడు ఇది ఉత్సాహంలా అనిపిస్తుంది. రికార్డింగులో మాత్రం పరుగులా వినిపిస్తుంది.

అంటే రికార్డింగులో ఉన్నది మనకు పరాయి మనిషి వాయింపా? అలాగని కాదు. బ్రూనో రెప్, గుంథర్ నోబ్లిక్ 2004లో ప్రచురించిన ఒక పరిశోధనలో పియానో వాద్యకారుల చేత కొన్ని రచనలు వాయింపించి, నెలల తర్వాత అందరి రికార్డింగులూ కలిపి వినిపించారు. వాయించేటప్పుడు శబ్దం రాని కీబోర్డు మీద వాయించినవి కూడా వాటిలో ఉన్నాయి. అంటే తమ వాయింపుని తాము అప్పుడు విననే లేదు. అయినా తమదేదో పోల్చుకోగలిగారు. నెలల క్రితం నాటి క్లిప్‌ని మళ్లీ వింటే కలిగే ఆ ఇబ్బందికి మూలం ఇక్కడే ఉందేమో. ఇది నాదే అని వేళ్లకు తెలుస్తుంది, ఇలా ఉంటుందని మాత్రం చెవికి తెలియదు.

సరే, రికార్డు చేసుకుని తనే వినొచ్చు కదా, ఊరందరికీ పెట్టడం ఎందుకు? ఇక్కడికి రాగానే బొద్దింకల సంగతి చెప్పాలి. 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్, అతని సహచరులు బొద్దింకలను వెలుతురు నుంచి చీకటి గూటికి పరుగెత్తించారు. పక్కన గాజు పెట్టెల్లో ప్రేక్షకులుగా వేరే బొద్దింకలు. దారి తిన్నగా ఉన్నప్పుడు, చూసేవాళ్లుంటే అవి ఇంకా వేగంగా పరుగెత్తాయి. దారిలో మలుపు పెడితే, చూసేవాళ్లున్నప్పుడు తడబడి ఆలస్యం చేశాయి. మనుషులు అంత భిన్నమేమీ కాదు. 1982లో అచ్చయిన ఒక అధ్యయనంలో పూల్ (బిలియర్డ్స్ లాంటి బల్ల ఆట) ఆటగాళ్లను ముందు దూరం నుంచి గమనించి, తర్వాత నలుగురు దగ్గరికి వచ్చి నిలబడి చూశారు. బాగా ఆడేవాళ్ల గురి కుదిరిన షాట్లు 71 శాతం నుంచి 80 శాతానికి పెరిగాయి. అంతంతమాత్రం వాళ్లవి 36 నుంచి 25కి పడిపోయాయి. చూసేవాళ్లు ఉన్నారంటే మనకు బాగా అలవాటైనదే పైకి వస్తుంది. అలవాటైనది తప్పయితే తప్పే వస్తుంది.

గిటారు వాళ్లకు ఇది ఫోన్‌లో ఎర్ర చుక్క వెలగగానే తెలిసిపోతుంది. పొద్దున్నుంచి పదిసార్లు తప్పులేకుండా వచ్చిన ముక్క, రికార్డు నొక్కగానే తడబడుతుంది. మన ఇళ్లలో అయితే దీనికి తోడు ఇంకా చాలా ఉంటాయి. ఫ్యాన్ శబ్దం రికార్డవుతుందని మే నెలలో ఫ్యాన్ కట్టేసి కూర్చోవాలి, చెమటకు వేళ్లు తీగ మీద అంటుకుంటాయి. ఇరవై సెకన్లు బాగా వచ్చాక వంటింట్లో కుక్కర్ కూస్తుంది. ఆఖరి కార్డ్ మోగి ఇంకా ఆరకముందే తలుపు తీసి ‘భోజనానికి రావా?’ అంటారు. అందుకే చాలామంది రాత్రి అందరూ పడుకున్నాక చేస్తారు. ఎప్పుడు చేసినా ఒక నిమిషం క్లిప్ కోసం అదే నిమిషాన్ని డజన్ల సార్లు వాయించక తప్పదు. ప్రతిసారీ విని, ఎక్కడ చెడిందో చూసి, ఆ చోటుని విడిగా సాధన చేసి, మళ్లీ మొదలెట్టాలి. ఎదుట ఎవరూ లేని గదిలో ఇంత పట్టుదలగా మామూలు రోజున ఎవరూ సాధన చేయరు. నా లెక్కలో ఆ క్లిప్ అందుకు మిగిలే రసీదు మాత్రమే. పని అంతకుముందే అయిపోయింది.

దీనికి ఇంకో కోణం ఉంది. మన దగ్గర వీణో, వయొలినో, నాట్యమో నేర్చుకునే పిల్లలకు ఒక గురువు ఉంటారు, సర్టిఫికెట్ పరీక్షలుంటాయి, అరంగేట్రం ఉంటుంది, త్యాగరాజ ఆరాధనకు నలుగురితో కూర్చుని పాడే వీలుంటుంది. ‘ఇక్కడిదాకా వచ్చావు’ అని చెప్పే మైలురాళ్లన్నమాట. ఇంజనీరింగ్ హాస్టల్లో సెకండ్ హ్యాండ్ గిటారు కొని వీడియోలు చూస్తూ నేర్చుకున్న కుర్రాడికి ఇవేవీ లేవు. ఎప్పుడు నేర్చుకోవడం అయిందో చెప్పేవాళ్లు లేరు. కొత్తగా గిటారు పట్టిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిది మంది మొదటి ఏడాదిలోనే వదిలేస్తారని ఫెండర్ కంపెనీ అధిపతిగా పనిచేసిన ఆండీ మూనీ చాలాసార్లు చెప్పాడు. గిటార్లు అమ్ముకునేవాడు తన నోటితో తాను ఒప్పుకున్న లెక్క కాబట్టి నమ్మొచ్చు. వదిలేయడానికి వేళ్ల నొప్పి ఒక కారణం, దారిలో ఎక్కడా ఊరు రాకపోవడం ఇంకో కారణం. క్లిప్ పెట్టడం అంటే ఆ కుర్రాడు తనకు తానే పెట్టుకున్న చిన్న అరంగేట్రం.

చూసేవాళ్లెవరో కూడా ఆలోచించాలి. ఔత్సాహికుడి క్లిప్‌ని చివరిదాకా చూసేది బంధువుల తర్వాత ఎక్కువగా మిగతా గిటారు వాళ్లే. 2005లో లండన్‌లో చేసిన ఒక అధ్యయనంలో బ్యాలే నర్తకులకూ, బ్రెజిల్ కపోయెరా నర్తకులకూ రెండు రకాల కదలికల వీడియోలూ చూపించారు. తాము స్వయంగా చేయగల కదలికలను చూస్తున్నప్పుడు వాళ్ల మెదడులో కదలికకు సంబంధించిన భాగాలు ఎక్కువగా పనిచేశాయి. శబ్దం తీసేసిన పియానో వాయింపు చూపిస్తే, పియానో వచ్చినవాళ్లలో వినికిడి భాగం కూడా స్పందించినట్టు అదే ఏడాది ఇంకో బృందం చూపింది. అంటే గిటారు వచ్చినవాడు ఇంకో గిటారిస్టుని ఒట్టి కళ్లతో చూడడు. ఇళయరాజా పాటలో ఇంటర్‌లూడ్‌ని ఎవరో చెవితో పట్టి వాయిస్తే, ఆ ముక్క ఐదో ఫ్రెట్ (వీణ మెట్టు లాంటి అడ్డుకమ్మీ) దగ్గరా, పదో ఫ్రెట్ దగ్గరా అని ఇంకెక్కడో డల్లాస్‌లో కూర్చున్నవాడు తన వేళ్లతోనే తేల్చుకుంటాడు. లిమ్ ముఖం దాచి చేతుల్ని చూపించింది ఇలాంటివాళ్ల కోసమే. ఆ తర్వాత అదే రచనని వాయించి పెట్టినవాళ్లు ప్రపంచమంతా బయల్దేరారు. వాళ్లలో చాలామంది దాన్ని నేర్చుకున్నది కాగితం మీది స్వరలిపి నుంచి కాదు, ఇంకొకరి ఎడమచేతి నుంచి.

మరి లైకులు? ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులకు పజిల్స్ ఇచ్చాడు. ఒక గుంపుకి మధ్యలో ఒకరోజు, పూర్తిచేసిన ప్రతి పజిల్‌కీ ఒక డాలరు ముట్టజెప్పాడు. తర్వాత డబ్బు ఆపేస్తే, ఖాళీ సమయంలో ఆ పజిల్స్‌తో ఆడుకోవడం వాళ్లు తగ్గించేశారు. సరదాగా చేసే పనికి బయటి లెక్క ఒకటి తగిలిస్తే సరదా పలచబడుతుంది. నలభై లైకులు వచ్చిన రోజు బాగానే ఉంటుంది. తర్వాతి క్లిప్‌కి తొమ్మిదే వస్తే, ఆ క్లిప్ నిజానికి మెరుగ్గా ఉన్నా, గిటారు మూలకు చేరే ప్రమాదం ఉంది.

వ్యాఖ్యలన్నీ ఒకటే రకం కాదు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన 607 ఫలితాలను కలిపి లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితనం తగ్గింది. మాట పని మీద కాకుండా మనిషి మీదికి మళ్లినకొద్దీ ఫలితం బలహీనపడుతుందని వాళ్ల వివరణ. ‘నువ్వు తోపు’, ‘నీకు రాదులే’ రెండూ ఆ కోవలోవే. వాటితో రేపు చేయాల్సిన పని ఏమీ తెలియదు.

పనికొచ్చే మాట ఇలా ఉంటుంది: “చివర తీగని లాగినచోట బెండ్ పావు స్వరం కిందే ఆగుతోంది. ముందు రెండు ఫ్రెట్లు పైకి వెళ్లి ఆ స్వరాన్ని మామూలుగా నొక్కి విను. ఆ తర్వాత వెనక్కి వచ్చి లాగు.” బెండ్ అంటే తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడం, అందులో ఫ్రెట్ కాపాడదు. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగి గమకం పలికించినట్టే, ఎక్కడిదాకా లాగాలో చెవే చెప్పాలి. వాయిస్తున్నప్పుడు ఆ చెవి మీద ఎందుకు ఆధారపడలేమో పైన చూశాం. అందుకే చివర కొంచెం తక్కువ పలికినా వాయించినవాడికి నిండుగానే వినిపించింది. అలాంటి వ్యాఖ్య ఒక్కటి వస్తే, మళ్లీ ఫ్యాన్ కట్టేసి, ఆ నాలుగు సెకన్ల కోసం ఇంకో సాయంత్రం కూర్చునేవాళ్లున్నారు. ఆ రెండో క్లిప్‌కి లైకులు మొదటిదానికంటే తక్కువే వస్తాయి. బెండ్ మాత్రం స్వరం మీదికి వస్తుంది.