మొదటి విమానమా, రెండోదా? కాన్పూర్ ఆవ్రో దగ్గర అసలేం జరిగింది

మళ్ళీ అదే గొడవ మొదలైంది. దేశంలో పూర్తి ప్యాసింజర్ విమానం తయారవడం ఇదే మొదటిసారి అని ఒకళ్ళు, మరి ఎప్పుడో కాన్పూర్లో చేసిన ఆవ్రో విమానం ఏంటయ్యా అని ఇంకొకళ్ళు. తమాషా ఏంటంటే రెండు మాటలూ ఒకే ప్రకటనలోవే. 2025 అక్టోబర్ 27న మాస్కోలో రష్యా వాళ్ళ యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్‌తో ఎస్‌జె-100 జెట్ కోసం అవగాహన ఒప్పందం (ఎంఓయూ) రాసుకున్నాక హెచ్‌ఏఎల్, అంటే మన ప్రభుత్వ విమానాల కంపెనీ హిందుస్తాన్ ఏరోనాటిక్స్, ఇచ్చిన ప్రకటన చూడండి, పూర్తి ప్యాసింజర్ విమానం మన దగ్గర తయారవడం ఇదే మొదలు అని ఒక వాక్యం, దాని వెనకే ఇలాంటి ప్రాజెక్టు ఇంతకుముందు ఆవ్రో హెచ్‌ఎస్-748, 1961లో మొదలై 1988లో ఆగింది అని ఇంకో వాక్యం. రాసినాయనే రెండో లైన్లో మొదటి లైన్ని కొట్టేశాడు. ఇంక అదే హెచ్‌ఏఎల్ కాన్పూర్లో చేసే చిన్న విమానం డోర్నియర్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు, 17 సీట్లదే అయినా 2022 ఏప్రిల్లో దిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కి టికెట్లు అమ్మి నడిపారు కదా దాన్ని.

ఆవ్రో పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే, ఇంగ్లండులో డిజైను, మనకి లైసెన్సు, అప్పటి రక్షణమంత్రి కృష్ణ మీనన్ పట్టుదల, అవన్నీ వదిలేస్తున్నా. మొత్తం కథకి కీలు ఇంకోచోట ఉంది, అక్కడికే వెళ్దాం.

ముందు ఒక్కమాట, ఎక్కనివాళ్ళ కోసం. నేను చిన్నప్పుడు ఒక్కసారే ఎక్కా, బేగంపేటలో. వెనకాల తలుపు, మెట్లెక్కి లోపలికెళ్తే కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కిటికీ, కిందనుంచి రెక్క, రెక్క మీద కూర్చోబెట్టినట్టు లావుపాటి ఇంజను. ఆ రోజుల్లోనే తిరిగిన ఇంకో విమానం ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌కి రెక్క పైనుంటుంది, నేల బాగా కనిపిస్తుంది, దీంట్లో ఇంజను పక్కన కూర్చుంటే చూసేదంతా ఇంజన్నే. ఆ రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజను స్టార్టయ్యేటప్పుడు సన్నగా మొదలై చెవులు గింగురుమనేలా పెరిగే కూత ఉందే, అది విన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. మా నాన్న చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చి తను మాత్రం పెట్టుకోలేదు, దిగాక గంటసేపు మేం ఏం చెప్పినా ఆఁ ఆఁ అంటూనే ఉన్నాడు. మేఘాల మీదకి పోయేంత ఎత్తు ఎక్కకుండా మేఘాల్లోనే దడదడలాడుతూ పోయేది, ఎయిర్ హోస్టెస్ ఇచ్చిన పిప్పరమెంటు నోట్లోనే ఉండగా నాకు వాంతైంది. ఇది చాలు.

ఇప్పుడు అసలు సంగతి. కాన్పూర్లో మొదటి ఆవ్రో 1961 నవంబర్ 1న ఎగిరినప్పుడు దాన్ని తయారుచేసింది ఎయిర్‌ఫోర్సే, ఎయిర్ వైస్ మార్షల్ హర్జిందర్ సింగ్ కింద ఉన్న డిపో, కొనేది కూడా ఎయిర్‌ఫోర్సే. హెచ్‌ఏఎల్ అనే కంపెనీ ఇప్పటి రూపంలో 1964 అక్టోబర్లో గానీ రాలేదు, కాన్పూర్ దాంట్లో కలిసింది కూడా ఆ ఏడాదే. అంటే చేసేదీ కొనేదీ ఒకే ఇల్లు. వంట కొంచెం అటూఇటూ అయినా ఇంట్లోవాళ్ళు సర్దుకుని తింటారు, డబ్బు పెట్టి తినడానికి వచ్చినవాడు సర్దుకోడు. ఆ డబ్బు పెట్టేవాడు 1967లో వచ్చాడు, ప్రభుత్వ విమాన సర్వీసు ఇండియన్ ఎయిర్‌లైన్స్. అదే మలుపు అంటాను నేను. వాళ్ళకి సీటు లెక్క, టికెట్టు లెక్క, మధ్యాహ్నం ఎండలో ఎంతమందిని ఎక్కించుకోవచ్చు అనే లెక్క.

1970ల మొదట్లో పైలట్లు లేవనెత్తిన ప్రశ్న చాలా సింపుల్. టేకాఫ్‌లో ఒక ఇంజను పోతే ఈ విమానం మిగిలిన ఒక్కదాంతో చెప్పినంత ఎక్కుతుందా? రెండింజన్ల విమానానికి ఇప్పటి అంతర్జాతీయ రూల్ ప్రకారం చక్రాలు లోపలికి పోయాక ఒక్క ఇంజన్తో కనీసం 2.4 శాతం ఎక్కాలి, అంటే వంద అడుగులు ముందుకి పోతే రెండున్నర అడుగులకి కాస్త తక్కువ పైకి. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది గానీ ఇంగ్లండు చలిలో సులువుగా వచ్చే ఆ రెండున్నర అడుగులు మన మే నెల మధ్యాహ్నం రావు. గాలి వేడెక్కితే పల్చబడుతుంది, రెక్కకీ ప్రొపెల్లర్‌కీ ఇంజన్‌కీ ముగ్గురికీ ఒకేసారి దెబ్బ. ఊరు ఎత్తులో ఉంటే ఇంకా దెబ్బ, మన బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగులు, బెంగుళూరు అంతకన్నా ఎత్తు. డార్ట్ ఇంజన్లోకి నీళ్ళూ మిథనాలూ కలిపి కొట్టి టేకాఫ్‌కి కొంచెం బలం తెప్పించే ఏర్పాటు ఉంది నిజమే, కానీ అది లెక్కలో ముందే కలిపేసిన బలం. ఇంక మిగిలేది బరువు తగ్గించడం. బరువు అంటే ప్యాసింజర్లే. నలభై పైచిలుకు సీట్లున్న విమానంలో కొన్ని సీట్లు ఖాళీగా పంపాలంటే ఏ కమర్షియల్ మేనేజరైనా గుండె బాదుకుంటాడు, ఖాళీగా పంపకుండా నింపి పంపితే ముందు సీట్లో కూర్చునే పైలట్ బాదుకుంటాడు. కాగితం మీద ఉన్న నంబరు తన చేతిలోని కంట్రోల్స్‌కి తెలియట్లేదు అని ఒక పైలట్ అంటే అది యూనియన్ గోల అని కొట్టిపారేయడం ఎంత తేలికో, ఆ రోజు కొట్టిపారేసినవాళ్ళెవరూ ఆ సీట్లో కూర్చునేవాళ్ళు కాదు, అదీ గుర్తుపెట్టుకోవాలి.

హెచ్‌ఏఎల్ వైపు వాదన కూడా ఉంది. ఇంగ్లండులో చేసినదానికి, ఇక్కడ చేసినదానికి డ్రాయింగులు ఒకటే, ఎయిర్‌ఫోర్స్ హాయిగా వాడుతోంది, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి ఫారిన్ సరుకు మీద మోజు అని.

తేల్చడానికి ప్రభుత్వం ప్రొఫెసర్ సతీష్ ధావన్ కింద ఒక కమిటీని పెట్టింది, మన శ్రీహరికోట షార్‌కి ఇప్పుడు ఎవరి పేరుందో ఆయనే. ఆయనతో పాటు టెక్నికల్ పని చూసింది విమానశాస్త్రవేత్త రొద్దం నరసింహ, ఆ ఇంటిపేరు పెనుకొండ పక్కన ఉన్న రొద్దం ఊరిదే. మాటలు కాదు, విమానం ఎగరేసి కొలుద్దాం అన్నారు. నా దృష్టిలో కమిటీ ఏం తేల్చింది అనేదానికంటే, ఒక ప్రభుత్వ కంపెనీ చేసిన విమానాన్ని ఇంకో ప్రభుత్వ కంపెనీ నమ్మక, మధ్యలో ఒక ప్రొఫెసర్ని పిలవాల్సి వచ్చింది చూశారా, అక్కడే ప్యాసింజర్ ఆవ్రో కథ అయిపోయింది. విమానాలు ఎగరడం ఆగలేదు, 1980ల్లో కూడా తిరిగాయి, 1981 ఆగస్టులో మంగళూరు బజ్పే రన్‌వే దాటిపోయి లోయ అంచున ఆగినదాంట్లో వీరప్ప మొయిలీ కూడా ఉన్నారు. కానీ ఆర్డర్లు చూడండి. కాన్పూర్ చేసిన 89లో 72 ఎయిర్‌ఫోర్స్‌కి, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి. వాటిలో తర్వాత చేసినవాటికి పెద్ద కార్గో తలుపు పెట్టి మిలిటరీ రకం చేశారు, అంటే ఫ్యాక్టరీ మళ్ళీ ఇంటివాళ్ళకే వండుకుంది.

ఈ గొడవలో ప్రమాదాలని కలిపేస్తున్నారు కొందరు, అది తప్పు. 1971 డిసెంబర్ 9న మదురై దగ్గర 21 మంది పోయింది దిగుతూ ఎత్తైన నేలని గుద్దుకుని, ఒక్క ఇంజన్తో ఎక్కలేక కాదు. 1999 జనవరిలో అరక్కోణం దగ్గర ఎనిమిది మంది పోయినది నెత్తిన రాడార్ డిష్ మోస్తూ టెస్టులు చేస్తున్న ఆవ్రో, దాన్ని చూపించి ప్యాసింజర్ విమానం చెత్త అనడం ఏం లెక్కో.

ఇప్పటికి వద్దాం. ఎయిర్‌ఫోర్స్ ఆవ్రోల స్థానంలో సి-295 రవాణా విమానాలు వస్తున్నాయి, 2021 సెప్టెంబర్లో 56కి ఒప్పందం, 16 స్పెయిన్ నుంచి రెడీగా, మిగతా 40 వడోదరలో టాటా వాళ్ళ దగ్గర, వాటికి కావాల్సిన భాగాల పని హైదరాబాద్‌లో కూడా జరుగుతోంది. అంటే ఆర్డర్ ముందు, ఫ్యాక్టరీ తర్వాత. అక్కడ కొనేవాడెవడని ఎవరూ అడగక్కర్లేదు.

ఎస్‌జె-100 సంగతి వేరు. వంద సీట్ల జెట్, ఆంక్షల దెబ్బకి పాశ్చాత్య దేశాల భాగాలు తీసేసి రష్యా సొంతవి పెట్టుకుంటున్న విమానం. వచ్చే పదేళ్ళలో ప్రాంతీయ రూట్లకి ఇలాంటివి 200కి పైగా కావాలి అని ఆ ప్రకటనలోనే ఉంది. చిన్న ఊళ్ళకి విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ స్కీము పేరుంది, రష్యా కంపెనీ పేరుంది, హెచ్‌ఏఎల్ పేరుంది. మొత్తం రెండుసార్లు చదివా, దాన్ని కొంటానన్న మన ఎయిర్‌లైన్ పేరు మాత్రం ఒక్కటీ కనపడలేదు.