టెంకాయ, ఇనుప టోపీ

ఆదోని,
దసరా అయిన మూడో రోజు.

చిన్నోడికి, పాపకు జేజినాయన దీవెనలు.

దేవరగట్టు కర్రల సమరం టీవీలో చూసి చిన్నోడు ఫోన్‌లో అడిగినాడు: "అంతమందికి తలలు పగులుతున్నాయి కదా, ఇనుప టోపీలు పెట్టుకోరెందుకు?" పైగా విదేశాల్లో పాతకాలపు కవచాలేసుకొని మొద్దు కత్తులతో కొట్టుకునే ఆట వీడియో ఒకటి పంపి, పెద్దయినాక తనకూ అట్లాంటి టోపీ కావాలన్నాడు.

మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. దేవరగట్టు దేవుడు మాళ మల్లేశ్వరుని కాడ గాయానికి పసుపు అద్దుకొని మళ్లీ కర్ర పట్టేవాళ్లకు నేనేం చెప్పేది? రెండోది చెప్తా. ఆ ఆటలో దేశాల జట్లు తలపడే పెద్ద పోటీ మొదట 2010లో ఉక్రెయిన్‌లోని ఖోటిన్ కోటలో జరిగింది. పాదాలు కాక ఒళ్లు నేలకు తగిలితే ఔటు.

గుడిలో కొట్టేముందు టెంకాయకు పీచు వలుస్తాం, ఎందుకో తెలుసా? పీచుంటే బండకేసి ఎంత కొట్టినా పగలదు. చిప్ప నీ పుర్రె, లోపలున్నది నీ మెదడు. కాబట్టి ఇనుప టోపీ కొనేటప్పుడు ముందు చూడాల్సింది పీచు, అంటే లోపలి దూది అస్తరు. అస్తరు తొడుక్కొని, దాని మీద టేపు చుట్టి కొలత తీయాలి. ఒట్టి తల కొలత ఇస్తే మెత్తకు చోటుండదు. గడ్డం కింద బెల్టు బిగించి తల విదిలిస్తే టోపీ తలతోపాటే తిరగాలి. లేదంటే కంటి సందు చెవి కాడికి పోతుంది. ఆ సందులో ఎదుటివాడి కత్తి దూరకూడదు. మామూలు ఉక్కయితే 2 మిల్లీమీటర్ల మందం ఉంటే మేలు, కాల్చి గట్టిపరచినదైతే ఇంకాస్త పలచగా ఉన్నా ఓర్చుకుంటుంది. గోడకు తగిలించే అలంకారం టోపీలు ఒట్టి రేకు, మెరుపు చూసి మోసపోవద్దు. తూకం నాలుగైదు కిలోలు ఉంటుంది. పెట్టుకొని మెట్లెక్కి దిగు, నీ మెడే చెప్తుంది.

టెంకాయకు పీచు మీద ఇనుము ఎక్కడుంది జేజినాయనా అని పాప అడుగుతుంది. నిజమే. ఉపమానాన్ని అంతకంటే గుంజితే తెగుతుంది.

కొంటే సరిపోదు. నా పదో ఏట జొన్న కోతలప్పుడు మా నాయన కొడవలి గట్టు మీద మరిచొచ్చినా. రాత్రి వాన కొట్టింది. దొరికేసరికి ఎర్రగా తుప్పు. నాయన తిట్టలేదు. ఇసుక రాయి, దొప్పలో ఇంత ఆముదం చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. రెండు రోజులు అన్నం ముద్దలో కూడా ఆముదం వాసనే.

చెమట వానకంటే చెడ్డది. ఆట అయిన రాత్రే టోపీని పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె పూయాలి. అస్తరు విప్పి ఎండకు వేయాలి. తడిది సంచిలో మూటగడితే వారానికి కంపు, తుప్పు రెండూ. బెల్టు కుట్లు, రివెట్లు తడిమి చూడాలి. సొట్ట లోపలికి పొడుచుకొస్తే సరిచేయించకుండా తల పెట్టొద్దు.

ఇంత చేసినా, గట్టి దెబ్బకు చిప్ప నిలిచినా లోపలిది కదులుతుంది. తల తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజుకు ఆట చాలించి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

శనివారం గుడికి పోతారు కదా. కొట్టకముందు టెంకాయను చెవి కాడ పెట్టుకొని మెల్లగా ఊపండి. ఏం వినబడిందో నాకు ఫోన్ చెయ్యండి.

మీ జేజినాయన