ఒకే ఇంటిపేరు, వేర్వేరు రచయితలు: పాత రచనల వెతుకులాటలో అపోహలు – వాస్తవాలు

గ్రంథాలయంలో కేటలాగు తయారుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. పరిశోధక విద్యార్థులు నా బల్ల మీద పెట్టే చీటీలలో "సుబ్బారావు గారి వ్యాసాలు", "శ్రీపాద వారి తొలి రచనలు", "చిలుకూరి వారి చరిత్ర" వంటి మాటలే ఎక్కువగా ఉంటాయి. ఆ మనిషి ఎవరో చీటీ రాసినవారికి తెలుసు, కేటలాగుకు మాత్రం తెలియదు. ఒకరి రచన మరొకరి పేరు కింద చేరితే, ఆ పొరపాటు ఒక సిద్ధాంత గ్రంథంలోంచి ఇంకొకదానిలోకి పాకి, పదేళ్లలో నిజంగా చెలామణి అవుతుంది. నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేరు చివర ఉన్న మాటే ఇంటిపేరు.

వాస్తవం: మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. రావు, రెడ్డి, శాస్త్రి, శర్మ అనేవి గౌరవాన్నో కులాన్నో విద్యనో సూచించే మాటలే తప్ప ఇంటిపేర్లు కావు. విదేశీ పత్రికలు, వాటిని అనుసరించి తయారైన డేటాబేసులు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకున్నాయి. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు (1920–2023) ఆ సాహిత్యమంతటా "సి.ఆర్. రావు"గానే కనిపిస్తారు, కల్యంపూడి అన్న ఇంటిపేరు, దానిని ఆంగ్లంలో రాసుకున్న తీరును బట్టి, ఒక్క "సి" అక్షరంగా మిగిలింది. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు, అంతరిక్ష శాస్త్రవేత్త యు.ఆర్. రావు గార్లు కూడా అదే "రావు" కింద చేరతారు. ఆ ఇద్దరూ కన్నడిగులు. "రావు" తెలుగు, కన్నడ, మరాఠీ వాళ్లందరి పేర్లలోనూ ఉంది కనుక ఆ మాటతో మనిషిని కాదు గదా, భాషను కూడా తేల్చలేము. తెలుగువారి కోసం వెతికేటప్పుడు ముందున్న పొడి అక్షరాలకే విలువ ఎక్కువ ఇవ్వాలి.

అపోహ: ఆంగ్లంలో ఒక స్పెల్లింగుతో వెతికితే సరిపోతుంది.

వాస్తవం: పరిశోధకులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. యల్లాప్రగడ సుబ్బారావు గారు (1895–1948) సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. జీవరసాయన శాస్త్రంలో అది నేటికీ ఆ ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధం. కాని ఆ వ్యాసంలో ఆయన పేరు "సుబ్బా", "రావు" అని రెండు మాటలుగా విడిపోయి ఉండదు. అంతా ఒకే మాటగా, చివర ఆర్-ఓ-డబ్ల్యు అక్షరాలతో ఉంటుంది. ఆర్-ఎ-ఓ అని వెతికినవారికి ఆయన కనిపించరు.

ఆ స్పెల్లింగు 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీలో మామూలు అలవాటు. తిరువాన్కూరు దివానుగా పనిచేసిన మాధవరావు గారి పేరు కూడా ఆనాటి ముద్రణలలో అలాగే ఉంటుంది. దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) సాహిత్యంలో కనిపించే తల్లాప్రగడ సుబ్బారావు గారు (1856–1890) కూడా ఆర్-ఓ-డబ్ల్యు రాసుకున్నవారే. స్పెల్లింగు సరిచేసుకోగానే యల్లాప్రగడ వారితోపాటు తల్లాప్రగడ వారు కూడా వచ్చి చేరతారు. తల్లాప్రగడ వారు పుట్టిన 1856లోనే న్యాపతి సుబ్బారావు గారు కూడా పుట్టారు. ఆయన "ది హిందూ" స్థాపకులలో ఒకరు. ఇక రాయప్రోలు సుబ్బారావు, నండూరి సుబ్బారావు గార్లు కవులు. ఇందరు సుబ్బారావులను విడదీసేది ఇంటిపేరు ఒక్కటే. సూచికలలో తరచుగా ఎగిరిపోయేది కూడా అదే.

దీనికి తోడు, పెద్ద విదేశీ గ్రంథాలయాలు తెలుగును రోమన్ లిపిలోకి మార్చడానికి తమ పద్ధతిని పాటిస్తాయి. ఆ పద్ధతిలో "చ"కు "సి" ఒక్కటే రాస్తారు, "సి-హెచ్"ను "ఛ"కు కేటాయిస్తారు. చిలుకూరి వారి పేరు "సి-హెచ్" కింద దొరకకపోవడానికి కారణం అదే. ఆ పద్ధతిలో "రావు" కూడా ఉచ్చారణను బట్టి "వి-యు"తో ముగుస్తుంది. మన దగ్గర స్కాన్ చేసిన డిజిటల్ గ్రంథాలలో దీర్ఘాలకు అచ్చులను రెండేసిసార్లు రాసి, సున్నా దగ్గర అపాస్ట్రఫీ (') గుర్తు పెట్టిన పేర్లు కోకొల్లలు. నేను ప్రతి రచయితకూ ఒక చిన్న కాగితం మీద నాలుగైదు స్పెల్లింగులు రాసుకున్న తరువాతే వెతకడం మొదలుపెడతాను.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే కుటుంబం ఒకటే.

వాస్తవం: మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లు. ఒకే ఊరి నుంచి వెళ్లిన వేర్వేరు కుటుంబాలకు, వేర్వేరు కులాలకు కూడా అదే ఇంటిపేరు ఉండవచ్చు. చిలుకూరి వీరభద్రరావు గారు "ఆంధ్రుల చరిత్రము" రాశారు. దాని మొదటి భాగం 1910లో వచ్చింది. చిలుకూరి నారాయణరావు గారి "ఆంధ్ర భాషా చరిత్రము" 1937లో వచ్చింది. ఇంటిపేరు ఒకటి, చివర "రావు" ఒకటి, గ్రంథాల పేర్లలో తేడా ఒక్క మాట. తొందరలో రాసిన పాదసూచికలలో ఈ రెండూ తారుమారు కావడం నేను చూశాను.

కొన్నిచోట్ల బంధుత్వం నిజంగానే ఉంటుంది, అక్కడ చిక్కు ఇంకా ఎక్కువ. గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940), ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు ఇద్దరూ "జి.వి."లే, ఇద్దరూ సవర భాష మీద పనిచేసినవారే. కోరాడ వారిలో రామచంద్రశాస్త్రి, రామకృష్ణయ్య, మహదేవశాస్త్రి గార్లు మూడు తరాల రచయితలు. వీరి విషయంలో అంశాన్ని బట్టి మనిషిని గుర్తించలేము. ప్రచురణ సంవత్సరం చూడాల్సిందే.

అపోహ: ఇంటిపేరు వేరైతే సంబంధం లేనట్టే.

వాస్తవం: భండారు అచ్చమాంబ గారు (1874–1905) కొమర్రాజు లక్ష్మణరావు గారి సొంత అక్క. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారింది. రచయిత్రుల కోసం వెతికేవారు పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండింటితోనూ వెతకాలి. ఈ ఒక్క జాగ్రత్త లేక మన సాహిత్య చరిత్రలో స్త్రీల రచనలు ఎన్నో సగమే లెక్కకు వచ్చాయని నా గట్టి నమ్మకం.

అపోహ: పూర్వ కవుల విషయంలో కూడా ఇంటిపేరే ఆధారం.

వాస్తవం: వారు తమను తాము చెప్పుకున్న తీరు వేరు. భాగవతంలో స్కంధాంత గద్య, అంటే ప్రతి స్కంధం చివర కవి తన పేరు చెప్పుకునే వాక్యం, చూడండి: "కేసనమంత్రిపుత్ర సహజపాండిత్య పోతనామాత్య ప్రణీతంబైన" అని ఉంటుంది. అందులో తండ్రి పేరు ఉంది, బిరుదు ఉంది, "బమ్మెర" లేదు. తిక్కన కూడా తన గద్యలో "కొమ్మనామాత్యపుత్ర" అన్నాడే గాని కొట్టరువు అనలేదు. తాళపత్ర ప్రతుల సూచికలో ఒకే పేరు గల కవులు ఎదురైనప్పుడు ముందుగా గద్య తెరిచి తండ్రి పేరు చూడాలి. తరువాత అవతారికలో, అంటే కావ్యం మొదట ఉండే పీఠికలో, వంశవర్ణన, కృతిభర్త (కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవారి) పేరు చూడాలి.

అపోహ: ముఖపత్రం మీద సంవత్సరం ఉంటే సందేహం ఉండదు.

వాస్తవం: పాత పుస్తకాలలో కొన్నిటి మీద "ప్రభవ", "రక్తాక్షి" అని తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. ఆ పేరు 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. "ప్రభవ" అంటే 1867 కావచ్చు, 1927 కూడా కావచ్చు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనది. ఇంటిపేరు ఎలాగూ అదే. తాత, మనవడు ఇద్దరూ రచయితలైతే పేరూ సంవత్సరమూ రెండూ కలిసిపోతాయి. అప్పుడు ముద్రాక్షరశాల పేరు, వెల, అచ్చు తీరు చూసి తేల్చుకోవాలి.

అపోహ: అన్నీ స్కాన్ అయ్యాయి కనుక యంత్రమే వెతికి పెడుతుంది.

వాస్తవం: పాత సీసపు అచ్చులో ఒత్తులను, అరసున్నలను యంత్రం తప్పుగా చదువుతుంది. సరిగా చదివినా, ముఖపత్రం మీద "వీరేశలింగము పంతులుగారిచే రచియింపఁబడి" అన్నట్టు పేరు విభక్తితో, క్రియతో అతుక్కుని ఉంటుంది. అందుకని పూర్తి పేరు కాక, మారని ముక్కను మాత్రమే ఇచ్చి వెతకాలి. వేంకట, వెంకట రెండూ ప్రయత్నించాలి.

అపోహ: రచయితలకు సంఖ్యలు వచ్చాక ఈ సమస్య తీరిపోయింది.

వాస్తవం: పరిశోధకులను గుర్తించడానికి 2012లో మొదలైన ఓర్కిడ్ (ORCID) అనే 16 అంకెల సంఖ్య మంచిదే, కాని అది రచయిత స్వయంగా నమోదు చేసుకుంటేనే వస్తుంది. పాత రచయితలకు అది అందదు.

చివరగా శ్రీపాద వారి సంగతి. కృష్ణమూర్తి శాస్త్రి గారు (1866–1960), సుబ్రహ్మణ్య శాస్త్రి గారు (1891–1961) ఇద్దరూ గోదావరి సీమవారు, ఇద్దరూ పత్రికలు నడిపినవారు. మొదటివారు గ్రాంథికంలో మహాభారతాన్ని మళ్లీ రాసిన మహాకవి, రెండవవారు వాడుక భాషలో గొప్ప కథలు రాసినవారు. భాష చూసి చెప్పేయవచ్చు అనిపిస్తుంది. కాని సుబ్రహ్మణ్య శాస్త్రి గారు కూడా తొలినాళ్లలో గ్రాంథికం రాసినవారే. నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో, బైండు చేసిన పాత మాసపత్రికల సంపుటాలకు "శ్రీపాద శాస్త్రి" అని మాత్రమే రాసిన కార్డులు మూడు దొరికాయి. మొదటి కార్డులోని వ్యాసం వచ్చిన సంచిక వెనుక అట్ట మీద అదే రచయిత పుస్తకాల ప్రకటన ఉంది, దానితో తేలింది. రెండవది తరువాతి సంచికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం వల్ల తేలింది. మూడవదానికి ఏ ఆధారమూ దొరకలేదు. ఆ కార్డు మీద రెండు పేర్లూ పెన్సిలుతో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, సొరుగులో ఇద్దరి కార్డుల మధ్యన ఉంచాను.