పక్షవాతం తర్వాత మొలిచే రక్తనాళాలు: చిక్కంతా సమయంతోనే

మెదడుకు వెళ్లే రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, రక్తం అందని చోట నడిమి భాగంలోని కణాలు నిమిషాల్లో చనిపోతాయి. చుట్టూ ఉన్న అంచు మాత్రం చాలీచాలని రక్తంతో గంటల తరబడి కొట్టుమిట్టాడుతుంది. తర్వాతి రోజుల్లో ఆ అంచులో సన్నటి నాళాలు కొత్తగా మొలుస్తాయని 1994లో క్రుపిన్‌స్కీ బృందం, పక్షవాతంతో మరణించినవారి మెదళ్లను పరిశీలించి చూపింది. నాళాలు ఎక్కువ ఉన్నవారు ఎక్కువ రోజులు బతికారని కూడా గమనించింది. అయితే ఎక్కువ రోజులు బతికితే నాళాలు మొలిచే వ్యవధీ ఎక్కువే కదా. ఏది కారణమో, ఏది ఫలితమో అక్కడ తేలలేదు.

నాళాలను మొలిపించే ప్రోటీన్ అప్పటికే తెలుసు. 1983లో బోస్టన్‌లో సెంగర్, డ్వోరాక్ కణితుల్లో దాన్ని గుర్తించినప్పుడు వారికి కనిపించిన గుణం వేరు: అది నాళాల గోడలను సడలించి ద్రవం కారేలా చేస్తుంది. 1989లో ఫెరారా బృందం నాళాల కణాలను పెంచే ప్రోటీన్‌ను వేరుచేసి వీఈజీఎఫ్ అని పేరుపెట్టింది. చివరకు రెండూ ఒకటేనని తేలింది.

ఈ జంట గుణం ఎంత ప్రమాదమో 2000లో డెట్రాయిట్‌లో జాంగ్, చాప్ బృందం ఎలుకల్లో చూపింది. పక్షవాతం వచ్చిన గంటకే వీఈజీఎఫ్ ఇస్తే మెదడులో రక్తస్రావం పెరిగింది, దెబ్బతిన్న భాగం పెద్దదైంది. 48 గంటలకు ఇస్తే నాళాలు పెరిగాయి, ఎలుకలు బాగా కోలుకున్నాయి. రక్తం అందక అప్పటికే వదులైన గోడను మందు ఇంకా వదులు చేస్తే ద్రవం మెదడులోకి చేరుతుంది. పుర్రె సాగదు కాబట్టి ఆ వాపు బతికున్న కణాలనూ నొక్కేస్తుంది.

నాళాల పని రక్తం మోయడమే కాదు. కొత్తగా పుట్టిన నాడీకణాలు అంచులోని నాళాల దగ్గరకే చేరతాయని, ఆ నాళాలు వదిలే రసాయనాలే వాటిని పిలుస్తాయని 2006లో కార్మైకేల్ బృందం చుంచెలుకల్లో చూపింది. ఇంకో వాదమూ ఉంది: ఈ నాళాల్లో చాలావరకు చనిపోయిన కణజాలాన్ని ఊడ్చే కణాలకు దారి ఇచ్చి, పని అయ్యాక మాయమవుతాయని. అందుకే నాళాల లెక్క ఒక్కటే చాలదు. వాటిలో రక్తం పారుతోందా, గోడ గట్టిపడిందా అన్నదీ చూడాలి.

నాళాలు పెంచి పక్షవాతాన్ని నయం చేసే ఆమోదిత మందు ఇప్పటికీ లేదు. వ్యాయామంతో వీఈజీఎఫ్ పెరుగుతుందన్న జంతు ఫలితాలు చూసి, రోగిని మొదటి రోజే ఎక్కువగా నడిపించాలనుకోవడం సరికాదు. 2015లో వెలువడిన అవర్ట్ అనే క్లినికల్ పరీక్షలో 2,104 మంది పక్షవాత రోగులు పాల్గొన్నారు. 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువసార్లు లేపి నడిపించినవారిలో 46 శాతం, మామూలు సంరక్షణ పొందినవారిలో 50 శాతం మూడు నెలలకు బాగా కోలుకున్నారు. ఈ ఫలితం మొదటి రోజు నడిపించే మోతాదుకే వర్తిస్తుంది. తర్వాతి ఫిజియోథెరపీని ఆపడానికి ఇది కారణం కాదు.